అబ్బా కారు బ్రేకులు
బ్రేకు తొక్కితే మా అబ్బా పాత మారుతి 800 ఎడమకి లాగుతోందంటే, ఖరాబీ కుడి చక్రంలో ఉన్నట్టు. ఆదివారం ఆపా పిల్లలతో అందులోనే నర్సరావుపేట నుంచి మాచర్ల వెళ్లాలి. నా ఫికర్ అదే.

ఫజర్ అయ్యాక కుడి కాలిపర్ దించాను. పిడుగురాళ్ల సున్నపు దుమ్ములో తిరిగీ తిరిగీ డస్ట్ బూటు చిరిగింది, పిస్టన్ బిగుసుకుంది. పైపు విప్పకముందే పెడలు మెల్లగా తొక్కించి బయటికి తెప్పించా. గాలి కొడితే తూటాలా వస్తుంది, వేళ్లు జాగ్రత్త.

అబ్బా కిరసనాయిలు సీసా తెచ్చారు. "వద్దబ్బా, రబ్బరు ఉబ్బిపోతుంది" అన్నా. ఆయన జమానాలో అన్నీ దాంతోనే కడిగేవారు మరి, కాస్త నారాజ్ అయ్యారు. కొత్త బ్రేక్ ఆయిలుతోనే కడిగాం. అసలు కమాల్ ఆ చిన్న సీలుది. తొక్కితే పిస్టన్‌తో పాటు వంగుతుంది, వదిలితే తన ఆకారానికి వస్తూ దాన్ని వెనక్కి లాగుతుంది. లోపల స్ప్రింగే లేదు! పిస్టన్‌కి గుంటలు పడితే మాత్రం సీలు మార్చి ఫాయిదా లేదు, కొత్త పిస్టనే. మాది నున్నగానే ఉంది, షుకర్.

ఎడమదానికీ సీలు మార్చాం. ఇక గాలి తీయడం, దానికి సబర్ కావాలి. అబ్బా తొక్కి పట్టుకోవడం, నేను నిపిల్ వదిలి బిగించడం, బుడగలు ఆగేదాకా. పెడలు గట్టిపడింది. అబ్బా ఇంకోసారి తొక్కి చూశారు.

"ముందు నేను కోటప్పకొండ దాకా నడిపి వస్తా బేటా. తర్వాతే పిల్లలు ఎక్కేది."