చిన్న పడవ

చీరలు, నగలు, పాడిగేదెలు కొనుటను గూర్చి మనము వ్రాసికొనుట కలదు. కాని చేపలవేట పడవను కొనుటను గూర్చి యొక బడిపంతులు భార్య వ్రాయుట మీకు వింతగా తోచవచ్చును. మేము మత్స్యములు భుజించువారము కూడ కాము. మా తండ్రిగారు నాకింటనే భారత భాగవతములు చెప్పిరి గాని సముద్రమును చూపి యెరుగరు. నా భర్తగారికి విజయనగరము జిల్లా తీరమందలి యొక పల్లెకు బదిలీ యయిన పిదప, ఇన్నేండ్లుగా మా గుమ్మమున నిలిచి చూచిన అలలే కనబడుచున్నవి. ఈ పల్లెలో పడవ యనగా మెట్టయూళ్లలో రెండెకరముల పొలము వంటిది. అందుచేత దానిని కొనునపుడు ఇంటి ఇల్లాలికి ఎంత తెలివి కావలెనో నేను గతవేసవిలో కన్నులార చూచితిని.

నా భర్తగారి యొద్ద పదవ తరగతి వరకు చదివిన యొక జాలరి పిల్లవాడు అయిదేండ్లుగా గుజరాతులోని వెరావలు రేవునకు పోయి మరబోట్లపై కళాసీగా పనిచేయుచుండెను. ఆగస్టులో పోయినవాడు వేసవికి గాని యిల్లు చేరడు. ఉత్తరాంధ్ర తీరమునుండి యిట్లు వలస పోవువారు మిక్కుటముగా నున్నారు. 2018 నవంబరులో ఆ విధముగా పోయిన మన జాలరులు కొందరు సరిహద్దు దాటిరని పాకిస్థానువారికి చిక్కి, 2020 జనవరిలో గాని వాఘా మీదుగా తిరిగి రాలేదు. ఆ నెలలన్నియు ఈ తీరమందలి తల్లులకు ఎట్లు గడచినవో వేరుగ చెప్పనక్కరలేదు. ఈ పిల్లవాని తండ్రి కాలము చేసి మూడేండ్లయినది. తల్లి గంప నెత్తిన బెట్టుకొని పట్టణమునకు పోయి చేపలమ్మును. కొడుకు ఇక మన సముద్రముననే వేటాడవలెనని యామె పట్టుబట్టి, పడవ కొనవలెనని నిశ్చయించి, కాగితములు చదివించుకొనుటకు మా యింటికి వచ్చినది.

తూర్పుతీరమున ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు 61 దినములు ఇంజను పడవలకు వేట నిషేధము. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమగుటచే ప్రభుత్వమువా రీ నియమము చేసిరి. పడవ కొనువారికి మాత్రమిది మంచి యదను. పడవలన్నియు ఇసుకపై బోర్లించియో ఒరగించియో యుండును గనుక నీటిలో నున్నపుడు కానరాని అడుగుభాగము కూడ కానవచ్చును. అమ్మువానికిని ఆ దినములలో చేతిలో పైకము ఆడదు. ఈ సంగతి యామెయే నాకు చెప్పినది.

ఆమె యొద్ద నున్న సొమ్మును ముందుగా ఒక నోటుపుస్తకమున వ్రాసితిని. గంప మోసి కూడబెట్టినది 60,000 రూపాయలు, మహిళా సంఘమున దొరకు ఋణము 75,000, రెండుపేటల గొలుసును బ్యాంకులో కుదువబెట్టిన వచ్చునది 50,000, వెరసి 1,85,000. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో స్త్రీలకు నూటికి 60 వంతులు, సామాన్యవర్గమువారికి 40 వంతులు సహాయమిత్తురని నా భర్తగారు చెప్పిరి. అయితే దరఖాస్తు పెట్టి వరుస వచ్చువరకు కనిపెట్టుకొని యుండవలెను. ఈలోగా ఆగస్టు వచ్చినచో కొడుకు మరల వెరావలు బండి యెక్కునని యామె భయము.

కుర్రవాని కన్ను వేరొకచోట నుండెను. పొరుగూరి చేపల వర్తకు డొకడు, ‘‘ఇరువది యెనిమిది అడుగుల క్రొత్త ఫైబరు పడవ, ఇంజనుతో 3,35,000. నీ సొమ్ము పోగా తక్కువ పడు లక్షయేబది వేలు నేనిత్తును, వడ్డీ అక్కరలేదు’’ అని యాశ పెట్టెను. వానికి మూడే కోరికలు. పడిన చేప యంతయు తనకే పోయవలెను, వెల తానే కట్టవలెను, ప్రతి పాటలో పదవవంతు తనకు విడువవలెను. నా భర్తగారు తొలుత శిష్యపక్షమే వహించిరి. వడ్డీ లేని యప్పు దొరకుట యదృష్టమనిరి. పంతుళ్లకు నెలజీత మొకటో తేదీన వచ్చును గనుక అప్పుల లోతు అంతగా తెలియదని నా యభిప్రాయము.

మేము లెక్క వేసితిమి. నిషేధపు దినములు, తుపానులు, అలలు పెద్దవగు దినములు, పండుగలు తీసివేయగా ఏడాదికి వేట సాగునవి 200 దినము లనుకొంటిమి. దినమున కొకటికొకటి సరిపెట్టి 3,000 రూపాయల చేప పడుననుకొన్నను, అందు పదవవంతు 300. రెండువందల దినములకు 60,000. లక్షయేబది వేలకు ఏడాదికి అరువది వేలనగా నూటికి 40 వంతులయినది! అసలు మాత్రము అణువంతయు తరుగదు. వాడు తక్కువ కట్టు వెల ఈ లెక్కలో చేరనే లేదు. సంఘపు ఋణమునకును గొలుసు తాకట్టునకును పడు వడ్డీ ఇందులో మూడవవంతు కూడ కాదు.

ఇది చూచి నేనే నిర్ఘాంతపోతిని గాని ఆమె చలింపలేదు. ‘‘ఈ లెక్క నాకు తెలుసమ్మగోరూ! కాయితం మీద పడితేగాని మావోడు నమ్మడని మీకాడికొచ్చాను’’ అన్నది. వ్రాత రానియామెకు నావలన కావలసినది తెలివి కాదు, సిరా మాత్రమే.

ఆనాడు నాకు భారతమున ఆదిపర్వ కథ తలపునకు వచ్చినది. యమునలో పడవ నడపిన సత్యవతి దాశరాజు కూతురు. శంతనుడు ఆమెను కోరి రాగా దాశరాజు ధనము గైకొనలేదు. నా కూతురి బిడ్డకే రాజ్యము రావలెనని యొక్క మాట మాత్రమే యడిగెను. పైకి చూడ వెలలేని బేరమే. ఆ వెలను చెల్లించినవాడు శంతనుడు కాడు, కొడుకు భీష్ముడు. ఈ వర్తకుడును అట్టి మాటయే యడిగినాడని ఆమెకు చెప్పితిని. ఆమెకు కథ క్రొత్త గాదు. ‘‘ఆయమ్మ మా కులపు ఆడబిడ్డే’’ అని నవ్వినది.

కుర్రవాడు మాత్రము మొగము ముడుచుకొని, ‘‘సిన్న పడవేసుకుని నలుగురిలో ఎలాగ తిరగమంటావే అమ్మా?’’ అనెను. అందులకామె చెప్పిన మాట నేటికిని నా చెవులలో నున్నది: ‘‘పెద్ద పడవ నీది కాదురా, ఆడిది. దాని మీద నువ్వు కళాసీవి. ఆ కళాసీ పని వెరావల్లోనూ ఉంది గదా!’’ వాడు మరి మాటాడక లేచిపోయి, మరునాడు తానే పాత పడవలను వెదుకుటకు బయలుదేరెను.

చిన్న పడవయే మా తీరమునకు తగినదని చెప్పుటకు వేరు హేతువులును కలవు. ఇచట రేవు లేదు. వేటనుండి వచ్చిన పడవను దినదినమును అలలు దాటించి ఇసుకపైకి లాగవలెను. ఇరువది రెండడుగుల పడవను నలుగు రైదుగురు లాగుదురు. పెద్దదానికి పదిమంది కావలెను, వచ్చిన ప్రతివానికిని చేప పెట్టవలెను. మరియు తీరమునుండి 8 కిలోమీటర్ల లోపల పెద్ద ట్రాలర్లు వల వేయరాదని నియమము. ఆ మేర యంతయు చిన్నపడవల పొలమే. ఆ హద్దును అందరును పాటింతురని నేననను.

పూర్వము మన జాలరులు దుంగలు కట్టిన తెప్పలపైని, కొబ్బరిత్రాటితో పలకలు కుట్టిన పడవలపైని పోయెడివారు. ఓడపలకలకు ఇనుము కూడదని, సముద్రములోని అయస్కాంత శిలలు లాగునని భోజుని పేర నున్న యుక్తికల్పతరువు చెప్పుచున్నది. అది యటుండ, కుట్టిన పడవ అలతాకిడికి వంగి నిలుచును, మేకులు కొట్టినది విచ్చును. నేడన్నియు ఫైబరు పడవలే. గాజునారను జిగురుపాకముతో పొరలు పొరలుగా అచ్చులో పేర్చి చేయుదురు. చెదలు పట్టదు, కుళ్లదు. పొరల నడుమ నీరు చేరెనా, దాని యాయువు తీరినట్లే.

మూడు పాత పడవలను చూచితిమి. పరీక్షకు పల్లెలోని యొక ముదుసలి తాతను తోడు తీసికొనిపోతిమి. మొదటి పడవ మిసమిసలాడుచుండెను, క్రొత్త రంగు పూసియుండిరి. తాత దానిని ముట్టనైన ముట్టలేదు. మాటు వేసిన బిందెను చింతపండుతో తోమి సంతకు తెచ్చిన చందమని నాకును తోచినది. రెండవదానిని చిన్న కొయ్యసుత్తితో అంగుళ మంగుళమునకు తట్టుచు పోయెను. సంతలో కుండ కొనునపుడు మనము వ్రేలితో మీటి వినమా? అదియే విద్య. గట్టిచోట కంగున మ్రోగినది, పొరలు విడిన చోట బొదబొద మన్నది. ఇంజను బిగించు వెనుకపలకలో కొయ్య నుంచి పైని ఫైబరు పొదుగుదురట. అచట మేకు రంధ్రమునుండి నల్లని తడి కారుచుండెను. లోపలి కొయ్య కుళ్లినదని చెప్పి తాత ఇవతలికి వచ్చెను.

మూడవది రంగు వెలిసి చూచుటకు దీనముగా నున్నను మ్రోత యంతటను ఒక్కటే. అడుగున ఇసుక రాపిడికి అరిగిన చారయు, అరచేతిమేర పాత అతుకును మాత్రమే కలవు. అమ్మువాడు తొంబదియైదు వేలు చెప్పెను. ఆమె ఇసుకలో చతికిలబడి, అరిగిన చారను వ్రేలితో చూపుచు, ఒక జామున్నర యొక్క కోపపు మాటైన లేక బేరమాడి ఎనుబది వేలకు దింపినది.

ఇంజను వేరొకచోట దొరికినది. పొడవైన కడ్డీ చివర పంకా గల డీజిలు ఇంజను. అలలు దాటునపుడు కడ్డీని పైకెత్తవచ్చును. త్రిప్పకముందే దానిని చేతితో తాకి చూడవలెనని కుర్రవాడు నాకు చెప్పెను. వెచ్చగా నున్నచో అమ్మువాడు మన రాకకు ముందే త్రిప్పి యుంచినాడని, చల్లగా నున్నపుడు మొరాయించుటను దాచుచున్నాడని గ్రహింపవలెనట. నీలిపొగ వచ్చినచో లోపల నూనె కాలుచున్నదట. నూనె కొలుచు పుల్లకు పాలవంటి తెలుపంటినచో నీరు చేరినదట. ఇది చల్లగానే యుండి రెండవ త్రిప్పున మేల్కొన్నది. వెల 45,000.

పడవ అతుకు బాగుచేయుటకు 10,000, తండ్రినాటి వలలకు తోడుగా క్రొత్త వలలకు 25,000, నలుగురికి ప్రాణరక్షణ కోట్లకు 5,000 పట్టినవి. ఈ కడపటి ఖర్చు వ్యర్థమని కుర్రవాడు గొణిగినను తల్లి వినలేదు. మొత్త మొక లక్షయరువదియైదు వేలు. మిగిలిన ఇరువది వేలను సంఘపు పుస్తకములోనే యుంచి, ఇంజను చెడిననాటికే గాని తీయరాదని కట్టడి చేసినది. క్రొత్తవలకు పసుపు రాయుటకైన అందుండి పైసా తీయనీయలేదు.

పడవ ఎవరి పేర నమోదు కావలెనను ప్రశ్న వచ్చినపుడు పల్లెపెద్దలు కొందరు ఆడుదాని పేర పడవ యేమని నవ్విరి. అప్పు నా పేరనున్నది, పడవయు నా పేరనే యుండునని యామె చెప్పినది. కాగితములను నా భర్తగారే పూర్తిచేసి యిచ్చిరి. సత్యవతి మాట ఆయనకు గుర్తుచేయవలసిన పని నాకు కలుగలేదు.

జూను 15న పడవ నీటిలో దిగినది. తొలినాడు పడినవి కవ్వళ్లు, కొలదిగా రొయ్యలు. పాటలో ఎక్కువ పాడినవానికే యిచ్చినది. ఆ వర్తకుడును ఒకటి రెండు మారులు పాడెను, ఇతరుల వెలకే కొనెను. నవంబరులో ఇంజను రింగులు చెడగా దాచిన సొమ్ములో 6,200 ఖర్చయినవి. కుర్రవాడు ఆగస్టులో బండి యెక్కలేదు. ఆదివారము సాయంకాలమున ఆమె వచ్చి లెక్క చెప్పును, నేను వ్రాయుదును. సంఘపు ఇరువది నాలుగు వాయిదాలలో ఎనిమిది తీరినవి. గొలుసింకను బ్యాంకులోనే యున్నది.