గుమ్మడికాయ ముక్కలు

ఒక ఏడాది దసరా మరునాడు నేను విశాఖపట్నం వెళ్లవలసి వచ్చింది. మా అమ్మాయి, అల్లుడు కూర్మన్నపాలెంలో ఉంటారు. తెల్లవారకముందే మా ఊరినుండి బయలుదేరి, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగి, సింధియా మీదుగా గాజువాక వైపు పోయే సిటీ బస్సు ఎక్కాను.

ఆ దారిన ప్రయాణమంటే నాకెంతో ఇష్టం. ఒక ప్రక్క 1933లో ప్రారంభమైన ఓడరేవు. క్రేన్లు, బొగ్గు గుట్టలు, వరుసగా నిలిచిన లారీలు. ముందుకు సాగితే 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం. ఎన్ని వేల కుటుంబాలు ఆ యంత్రాల మీద, ఆ లారీల మీద బ్రతుకుతున్నాయో! అందుకే దసరాకు అక్కడ ఆయుధపూజ ఘనంగా జరుగుతుంది. బూడిద గుమ్మడికాయకు పైన చెక్క కోసి, లోపల కుంకుమ, నాణేలు వేసి, కర్పూరం వెలిగించి, బండి చుట్టూ త్రిప్పి నేలకు కొడతారు. ప్రమాదం రాకూడదనే వారి కోరిక.

ఆ ఉదయం మల్కాపురం దాటేదాకా రోడ్డంతా ఎర్రని ముక్కలే. బస్సు ఒకచోట ఆగింది. మా ముందర స్కూటరు మీద వెళ్తున్న భార్యాభర్తలు, వారి చిన్నబిడ్డ, ఆ ముక్కల మీద జారిపడ్డారు. దేవుని దయవల్ల ప్రాణాపాయం లేదు గాని, బిడ్డ మోకాలు చీరుకుపోయింది. ప్రమాదం రాకూడదని కొట్టిన కాయే ప్రమాదమై కూర్చుంది!

ప్రక్కనే ఒక పారిశుద్ధ్య కార్మికురాలు రేకు ముక్కతో ఆ గుజ్జు గీకుతోంది. బిడ్డను లేవనెత్తి, "నిన్న కొట్టినోలంతా ఇంటికెలిపోనారు బాబూ. ఇయాల ఏరీది మేమే" అన్నది నాతో.

ఇంటికి చేరాక ఈ సంగతి చెప్పి, "మనం ఇలాంటివి చేయము గదా" అన్నాను, కొంచెం గర్వంగానే.

మా అమ్మాయి నవ్వలేదు. "మరి మన కోతకాల పండుగ కాయల మాటేమిటి నాన్నా?" అన్నది.

నాకు నోట మాట రాలేదు. క్రిందటి పండుగకు మా సంఘస్థులు పాదులనుండి కోసి తెచ్చిన గుమ్మడికాయలు ఎన్నో వచ్చాయి. వేలంలో కొన్ని పోగా, మిగిలినవి గుడి వెనుక గదిలో పెట్టి మరిచిపోయాము. అవి కుళ్లి, పురుగులు పట్టి, వాసన వచ్చిన తరువాత ఎత్తి పారవేసింది ఎవరు? మా సంఘములో చివరి వరుసలో కూర్చునే సహోదరియే. ఆమె పని ఊరి వీధులు ఊడ్చడం. దేవునికి అర్పించిన దానిని ఆమె చేతికి చెత్తగా అప్పగించాము.

ఐదువేల మందికి రొట్టెలు పంచిన తరువాత ప్రభువు మిగిలిన ముక్కలను పోగుచేయమన్నాడని యోహాను సువార్త 6వ అధ్యాయంలో చదువుతాము. వాటిని పోగుచేసినది శిష్యులే. పన్నెండు గంపలు నిండాయి. ఈ మాట ఎన్నిసార్లు విన్నా గుమ్మడికాయలు నా మనస్సుకు తట్టలేదు.

ఇది మన దేశపు సంగతి మాత్రమే కాదు. అమెరికాలో అక్టోబరు 31వ తేదీకి గుమ్మడికాయలకు కళ్లు, నోరు చెక్కి లోపల దీపం పెడతారు. పండుగ కాగానే చాలా కాయలు చెత్తకుప్పకే పోతాయి. గాలి ఆడని కుప్పలో తడి చెత్త కుళ్లితే మీథేన్ అనే వాయువు పుట్టి భూమిని వేడెక్కిస్తుంది. అందుకని అక్కడ కొన్ని ఊళ్లలో మైనము, రంగు తీసివేసి, కాయలను పశువులకో ఎరువుకో ఇస్తున్నారు.

మరుసటి పండుగకు మా సంఘం ఒక తీర్మానం చేసుకున్నది. మిగిలిన కాయలను ఆ సాయంత్రమే తరిగి ప్రేమవిందుకు పులుసు పెట్టాము. గింజలు కడిగి ఆరబెట్టి ఇంటింటికి పంచాము. తొక్కలు గేదెలకు వేశాము. మెత్తబడిన వాటిని గుడి వెనుక గోతిలో ఎండుటాకులు, మట్టి పొరలు పొరలుగా వేసి కప్పాము. కొన్ని నెలలకు నల్లని ఎరువు తయారైనది. గుడి ముంగిట కొబ్బరిచెట్లకు అదే వేశాము. గొయ్యి త్రవ్వినది మేము, పెద్దలమే. ఆ సహోదరిని ఆ రోజు విందులో ముందు వరుసలో కూర్చుండబెట్టి వడ్డించాము.

మా వీధిలో లారీ యజమాని ఒకాయన నాకు చిన్ననాటి స్నేహితుడు. ఆయనతో మల్కాపురం బిడ్డ సంగతి చెప్పాను. తరువాతి దసరాకు ఆయన గోనెపట్టా పరచి, రోడ్డు ప్రక్కన కాయ కొట్టి, ముక్కలు తానే ఎత్తుకున్నాడు. కుంకుమ రంగు, సున్నం అంటినవి పశువులకు పెట్టకుండా పాతిపెట్టాడు. ఆయన ఆచారం ఆయనది. రోడ్డు మాత్రం అందరిదీ.

ప్రియ పాఠకులారా! మీ గుడి వెనుక గదిని ఒకసారి తెరచి చూడండి. అక్కడ మిగిలిన ముక్కలను ఎవరు పోగుచేస్తున్నారు?