అన్న బండి, నేను బిగించిన నట్టు

పోయిన సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు జరిగిన సంగతి ఇది. మన హాస్టల్లో బండ్లంటే పడిచచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి రాస్తున్నాను. ఇందులో నా తప్పు కూడా ఉంది.

మా అన్నకి పికప్ బండి ఉంది. అప్పు మీద కొన్నది, నెలనెలా వాయిదా కట్టాలి. మా ఊళ్ళ నుంచి రాజ్‌మా, పసుపు కిందికి దింపుతాడు. చోడవరం నుంచి సిమెంటు, రేకులు, కిరాణా సామాన్లు పైకి తెస్తాడు. దిగేటప్పుడు ఏ బండైనా మంచిదే. పాడేరు ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడే దాని బండారం బయటపడుతుంది.

ఆ రోజు 25 బస్తాల సిమెంటుతో వస్తున్నాము. ఘాటీ సగం కూడా ఎక్కలేదు, ఇంజను గోల పెడుతోంది గాని బండి లాగడం లేదు. అన్న ఎంత తొక్కితే అంత చప్పుడు, అంతే. తర్వాత కొబ్బరిపీచు కాలినట్టు వాసన వచ్చింది. వెడల్పు జాగా చూసి ఆపి, చక్రాలకి రాళ్ళు వేశాము.

డీజిల్‌లో కల్తీ ఉందేమో అన్నాను నేను. అన్న ఒప్పుకోలేదు. “డీజిల్ అందకపోతే ఇంజను చప్పుడే తగ్గిపోద్దిరా. ఇది పెరుగుతోంది” అన్నాడు. బ్రేకులు పట్టేశాయేమోనని చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూశాడు, పెద్ద వేడి లేదు. “క్లచ్చే” అన్నాడు. ఇంకేమీ మాట్లాడలేదు. ఆ నెల వాయిదా ఇంకా కట్టలేదని నాకు తెలుసు.

గంటసేపు చల్లారనిచ్చి, సగం బస్తాలు తెలిసినవాళ్ళ బండిలోకి ఎక్కించి, ఫస్టు గేరులో ఎలాగో పాడేరు చేరాము. మర్నాడు పొద్దున్నే షెడ్డుకి వెళ్ళాము.

మేస్త్రి బండిని చదునైన చోట పెట్టించాడు. హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకి రాళ్ళు పెట్టి, టాప్ గేరు వేయమన్నాడు. కొంచెం రేజ్ ఇచ్చి క్లచ్ మెల్లగా వదలమన్నాడు. క్లచ్ మంచిదైతే ఇంజను అప్పుడే ఆగిపోవాలి. మాది ఆగలేదు, తిరుగుతూనే ఉంది. “చాలు చాలు, ఆపీ బాబూ, ఇలా చూస్తే ఉన్న ప్లేటు కూడా కాలిపోద్ది” అన్నాడు.

క్లచ్ అంటే ఏమిటో అప్పుడు అడిగి తెలుసుకున్నాను. ఇంజనుతో తిరిగే ఇనుప చక్రం ఫ్లైవీలు. దానికి ఎదురుగా ప్రెషర్ ప్లేటు. రెంటి మధ్యలో క్లచ్ ప్లేటు. స్ప్రింగు బలంతో మధ్య ప్లేటుని అదిమి పడితే ఇంజను తిరుగుడు గేరుబాక్సుకి వెళ్తుంది. మనం థింసా ఆడేటప్పుడు నడుముల చుట్టూ చేతులు గట్టిగా పట్టుకుంటేనే వరుసంతా ఒకటిగా తిరుగుతుంది కదా. పట్టు జారితే ముందువాళ్ళు తిరిగేస్తారు, వెనకవాళ్ళు ఉన్నచోటే ఉంటారు. మా బండికి జరిగింది అదే.

తర్వాత మేస్త్రి క్లచ్ పెడల్ మీద రెండు వేళ్ళు పెట్టి నొక్కాడు. బరువు తగలకముందు పెడల్ సుమారు అంగుళం ఊరికే కదలాలట, దాన్నే ప్లే అంటారు. మా పెడల్‌కి ప్లే అసలు లేదు. వంగి కేబుల్ చివర చూశాడు.

“ఈ నట్టు ఎవడు బిగించాడు?”

బిగించింది నేనే. దసరా సెలవుల్లో అన్న గేర్లు గరగరమంటున్నాయి అంటే, కేబుల్ సాగిపోయిందని నేనే స్పానరు పట్టి బిగించాను. కొంచెం బిగిస్తే బాగుంది, ఇంకా బిగిస్తే ఇంకా బాగుంటుందనుకున్నాను. అంతలా బిగిస్తే క్లచ్ ఎప్పుడూ కొంచెం తొక్కినట్టే ఉంటుంది. ప్లేటు జారుతూ, కాలుతూ అరుగుతుంది. అరిగే కొద్దీ ప్లే ఇంకా తగ్గుతుంది. అన్న నావైపు చూడలేదు. “ఎవరో బిగించారు మేస్త్రీ” అన్నాడు. నేను నేలచూపులు చూశాను.

నట్టు వదులు చేసి మళ్ళీ చూశారు. అయినా జారుతోంది. ఆయిలు కారి ప్లేటు తడిసినా ఇలాగే జారుతుందట గాని కింద ఎక్కడా చెమ్మ లేదు. ఇక గేరుబాక్సు దించక తప్పలేదు. లోపల దుమ్ముని ఊదబోతే మేస్త్రి నన్ను కసిరాడు, అది పీలిస్తే ఊపిరితిత్తులకి చెరుపు. తడిగుడ్డతోనే తుడవాలి. ప్లేటు రివెట్ల దాకా అరిగిపోయింది. ఫ్లైవీలు మీద నీలం మచ్చలు, సన్నగీతలు. ఎమరీ పేపరుతో రుద్దితే పోయాయి, అదొక్కటే అదృష్టం.

ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు మూడూ కొత్తవి వేశారు. ప్లేటు సరిగ్గా మధ్యలో కూర్చోవడానికి పాత షాఫ్టు ముక్క దూర్చి పెట్టి, బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించారు. జిడ్డు చేతులతో ప్లేటు ముట్టుకోవద్దని నాకు రెండుసార్లు చెప్పారు. సామాన్లకి, కూలికి కలిపి 9 వేలు అయింది. పండగ బట్టలకని దాచిన డబ్బులు కూడా అందులోనే పోయాయి.

ఇంటికి వచ్చేటప్పుడు దారిలో చెప్పాను, “అన్నా, ఆ నట్టు నేనే...” అని.

“తెలుసు. పెడల్ పైకొచ్చింది, గేర్లు మెత్తగా పడుతున్నాయని మూడు నెలలు నేనూ సంబరపడ్డాను. ప్లే చూసుకోవాల్సింది నేను” అన్నాడు. కాసేపాగి, “మేస్త్రి అడిగినప్పుడే చెప్పుంటే బాగుండును” అన్నాడు. అన్న తిట్టినా ఇంత బాధ పడేవాణ్ణి కాదు.

ఆ పాత ప్లేటు కడిగి హాస్టల్‌కి తెచ్చాను, నా పెట్టెలో ఉంది. 8వ తరగతిలో ఘర్షణ పాఠం చదివేవాళ్ళకి పనికొస్తుంది. చూడాలనుకున్నవాళ్ళు ఆదివారం సాయంత్రం రండి. రివెట్ల దగ్గర మాత్రం వేలు పెట్టకండి, గీసుకుంటుంది.