ఆ క్షణమునకు మరలవచ్చునా?

2024 సెప్టెంబరు 1, ఆదివారమున బుడమేరు గట్లు తెగి విజయవాడ అజిత్‌సింగ్‌నగర్ జలమయమైనది. మరునాడు ప్రకాశం బరాజ్ వద్ద కృష్ణవేణి 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహముతో మునుపెన్నడును ఎరుగని ఉద్ధృతిని చూపెను. ఆ సోమవారపు సాయంసంధ్యలో, సింగ్‌నగర్‌లోని ఒక ఇంటి రెండవ అంతస్తున ఒక గృహస్థు చీకటిలో కూర్చుండి ఉండెను. ఔషధములను టోకున పంపిణీ చేయు సంస్థలో సర్వర్ల నిర్వహణ ఆయన వృత్తి. ప్రాతఃకాలమున భాష్యశ్రవణము ఆయన నియమము. క్రింది అంతస్తు నీటిలో నున్నది. కరెంటు లేదు. ఆయన ఫోను ఉదయమే ఆరిపోయినది.

పై వాటాలోని వృద్ధురాలు తన ఫోను తెచ్చి ఇచ్చెను. "తీసుకో నాయనా, ఇంకా రెండు గీతలున్నాయి."

ఆయన తన పేరు, సంకేతపదము నమోదు చేసెను. ప్రవేశము నిరాకరింపబడెను. సంస్థలో నమోదు కాని సొంత ఫోన్ల నుండి సర్వర్లను చేరరాదను నియమము కలదు. దానిని వ్రాసినవాడు ఆయనయే.

వేదాంతులకు దేవదత్తుని ఉదాహరణము సుపరిచితము. నాడు ఒకచోట చూచిన దేవదత్తుడే నేడిక్కడ కనబడినపుడు, ఆనాటి దేశకాలములను, ఈనాటి దేశకాలములను విడిచి వ్యక్తిని మాత్రము గ్రహింతుము. అదియే భాగత్యాగలక్షణ. సర్వరు అట్లు చేయజాలదు. సంకేతపదము సరియైనది, మనిషి అతడే. కాని ఉపాధి అపరిచితము. ఉపాధిని విడిచి చూచుట దానికి నేర్పినచో దొంగకును తలుపు తెరచును. కావున అది దాని దోషము కాదు, ధర్మము. ఆ నిరాకరణమునకు ఆయనకు మొదట కోపము, పిదప ఒకింత తృప్తి కలిగెను.

తెనాలిలో నున్న సహోద్యోగి నెంబరు ఆయనకు కంఠస్థము. ఆ యువకుని ఫోను నమోదైనది. అతడు లోనికి వెళ్ళి చూచి చెప్పెను: "సార్, ఆర్డర్ల మిషను ఆగిపోయింది. స్టోరేజీ నిండిపోయింది. శుక్రవారం రాత్రి స్నాప్‌షాట్ ఒకటి అలాగే ఉంది."

ఆయనకు గొంతు తడియారెను. శుక్రవారము రాత్రి భద్రతాసవరణలకు ముందు ఆ స్నాప్‌షాట్ తీసినది తానే. శనివారము తొలగింపవలసి యుండెను. వర్షము వచ్చెను, మరచెను.

స్నాప్‌షాట్ అనగా ప్రతిలిపి యని పలువురి భ్రాంతి. అది తీసిన క్షణమున కల్పితయంత్రపు మూలడిస్కు అచలమగును. అటుపిమ్మట వ్రాయబడు ప్రతి మార్పును వేరొక ఫైలులోనికి చేరును. ఆ ఫైలునకు డెల్టా యని పేరు. కృష్ణా డెల్టాలో పుట్టినవానికి ఈ పేరు విప్పి చెప్పనక్కరలేదు: అడుగుననున్న నేల అట్లే యుండును, పైన ఒండ్రు మేట వేయుచుండును. వీఎంవేర్ వారు ఒక స్నాప్‌షాట్‌ను 72 గంటలకు మించి ఉంచవలదని చెప్పుటకు ఈ మేటయే కారణము.

"రివర్ట్ కొట్టేస్తాను సార్. పది నిమిషాల్లో లేస్తుంది. ఎవరికీ తెలియదు కూడా."

ఆ సలహా మృదువుగానే యుండెను. శుక్రవారమునకు మరలినచో యంత్రము లేచును. మెమరీతో కూడ తీసిన స్నాప్‌షాట్ కావున అది శుక్రవారపు రాత్రియే యని తలచి లేచును. మధ్య గడచిన మూడు దినములు లేవు. మరచితినను దుఃఖమైన దానికి లేదు. ఏలయనగా గడచిన స్థితిని భద్రపరచుట వేరు, స్మరించుట వేరు. స్మృతికి స్మరించువాడొకడు కావలెను. యంత్రము మరచినను ఇక్కడ ఇద్దరు మరువలేరు.

ఆ మూడు దినములలో ఏమున్నది? ముంపు ప్రాంతముల మందుల దుకాణములు పంపిన ఆర్డర్లు. వానిలో ఇన్సులిన్ కలదు.

"వద్దు తమ్ముడూ. డిలీట్ చెయ్యి. ముందు టెస్టు మిషన్ని వేరే స్టోరేజీకి మార్చి కాస్త చోటు చెయ్యి. ఇది ఆపే ఉంచు."

ఇక్కడి నామములు విపరీతములు. స్నాప్‌షాట్‌ను 'తొలగించుట' యనగా డెల్టాను మూలమున లయము చేయుట, వర్తమానము నిలుచును. 'పునరుద్ధరించుట' యనగా వర్తమానమును పారవేయుట. క్రొత్తవారు ఈ రెంటి నడుమ తడబడుట సహజము. పాతవారును తడబడుదురు, కాని తెలిసి.

"గంటలు పడుతుంది సార్. పైవాళ్ళు అడిగితే?"

"స్నాప్‌షాట్ నాదే అని చెప్పు. నేనూ చెబుతాను."

అంతటితో ఫోను ఆరిపోయెను. విలీనము ముగిసినదో లేదో తెలియలేదు. రాత్రియంతయు నీటిపై పడవల సవ్వడి, ఎవరెవరినో పిలుచుచున్న కేకలు. ఆయన ఆఖ్యానములన్నియు తెలిసినవాడే. నిద్ర మాత్రము పట్టలేదు. ప్రాయశ్చిత్తము జరిగినదానిని జరగనిదిగా చేయదని ఎన్నిమారులు వినియుండెను! ఆ రాత్రి అది పాఠము వలె కాక పంటినొప్పి వలె ఉండెను.

మంగళవారము మధ్యాహ్నము పాలప్యాకెట్లు తెచ్చిన పడవవాని ఫోను నుండి మరల పిలిచెను. యంత్రము తెల్లవారుజామున లేచెనట. ఒక్క ఆర్డరును పోలేదట. బండ్లు బయలుదేరెనట.

నీరు తీసిన తరువాత ఆయన కార్యాలయమునకు వెళ్ళి సంఘటనా నివేదిక వ్రాసెను. 'కారణము' అను గడిలో వరద యని ఎవరైనను వ్రాసియుండెడివారు, ఆక్షేపించువారును లేకుండిరి. ఆయన అచట తన పేరును, శుక్రవారపు తేదీని వ్రాసి, క్రింద సంతకము చేసెను.