ఎదుట లేని కుందేలు

ఈ నెల ఒక చలనచిత్రమును గూర్చి మీతో మాటలాడ గోరుచున్నాను. సంఘకాపరికి సినిమా మాట లేలయని నవ్వకుడి. మొదట నా తప్పిదము చెప్పుకొందును.

మా నాలుగేండ్ల మనుమరాలు అన్నము తినునప్పుడు ప్రక్కనున్న ఖాళీ పీటతో మాటలాడుచుండెడిది. ఒకనాడు విసుగుతో, "ఎవరున్నారక్కడ? నోరు మూసుకొని తిను!" అని గద్దించితిని. నాటినుండి ఆ బిడ్డ పీటవైపు చూడలేదు. ఇల్లు నిమ్మళముగా నున్నదని నేను సంతోషించితిని.

కొన్ని దినములకు, బిడ్డ నిద్రించిన పిమ్మట, మా కుమారుడు 1988లో వెలువడిన "హూ ఫ్రేమ్డ్ రోజర్ ర్యాబిట్" అను అమెరికా హాస్యచిత్రమును చూపించెను. 1947 నాటి లాస్ ఏంజెలెస్ నగరములో మనుష్యులును కార్టూన్ బొమ్మలును ఇరుగుపొరుగుగా బ్రదుకు కథ యది. వేర్వేరు కంపెనీలకు చెందిన మిక్కీ మౌస్, బగ్స్ బన్నీ అందులో ఒక్కచోట కనబడుదురు. హత్యానేరము మోపబడిన రోజర్ అను కుందేలుకు ఒక అపరాధ పరిశోధకుడు అండగా నిలుచును. ఆ వేషము బాబ్ హాస్కిన్స్ అను నటునిది.

అయితే కెమెరా తిరుగునప్పుడు ఆయన యెదుట కుందేలు లేదు. రిచర్డ్ విలియమ్స్ నాయకత్వమున చిత్రకారులు దానిని తరువాత చేతితో గీసి చేర్చిరి. ఒక గదిలో వ్రేలాడు దీపమునకు హాస్కిన్స్ తల తగిలి దీపము ఊగును. సెకనుకు 24 చిత్రములు కదలు తెరమీద, ఆ ఊపునకు తగినట్లు కుందేలుమీది వెలుగునీడలను మార్చి మార్చి గీసిరి. ఆ నీడను ఎందరు గమనింతురు? అయినను కుందేలు గదిలోనే యున్నదని మన కన్ను నమ్మును.

మరి శూన్యమును చూచి మాటలాడు విద్య హాస్కిన్స్ ఎచ్చట నేర్చెను? తన చిన్న కుమార్తె కనబడని స్నేహితులతో ఆడుకొనుట చూచి నేర్చుకొంటినని ఆయనే చెప్పెను.

ఇది తెలిసి నాకు సిగ్గు కలిగెను. ఒక తండ్రి బిడ్డయొద్ద కూర్చుండి నేర్చుకొన్నదానిని నేను ఒక్క కేకతో మాన్పించితిని.

మరునాడు, "నీ స్నేహితుడేడమ్మా?" అని అడిగితిని.

"నువ్వు కేకలేశావుగా తాతయ్యా, వెళ్లిపోయాడు."

ఆమెను క్షమాపణ వేడుకొని, ఆ పీటను నా చేతులతోనే మరల వేసితిని.

చదువరులారా, మీ యింట బిడ్డ ఎవరును లేనిచోట మాటలాడిన యెడల గద్దింపకుడి. వచ్చినవారెవరో అడిగి తెలిసికొనుడి. మా యింట పీట వేసి నేటికి వారమైనది. బిడ్డ యింకను దానితో మాటలాడలేదు. నేను మాత్రము దానిని తీయనీయలేదు.