అన్నం మీదున్నావా?

మూడేళ్ల కిందట సిగరెట్లు మానేశాను. ఈ మాట గొప్పగానే చెప్పుకుంటాను కానీ, దేన్ని పట్టుకుని మానేశానో మాత్రం ఎవరికీ చెప్పను. చూయింగ్ గమ్! నోరు ఊరుకోకపోతే ఓ బిళ్ల వేసుకోమని ఆఫీసులో మిత్రుడిచ్చిన సలహా. మొదట్లో రోజుకు రెండు. ఆర్నెల్లు తిరిగేసరికి పది దాటాయి. చొక్కా జేబులో సిగరెట్ పెట్టె పోయి గమ్ పెట్టె వచ్చింది. అంతే తేడా.

ముందు పొట్ట మొరాయించింది. మధ్యాహ్నమయ్యేసరికి ఒకటే ఉబ్బరం. 'చక్కెర లేనిదే తింటున్నానండీ' అని డాక్టరుగారితో గొప్పగా చెప్పాను. ఆయన నవ్వారు. చక్కెర బదులు అందులో వేసే సార్బిటాల్‌ను పేగులు పూర్తిగా పీల్చుకోలేవట. ఎక్కువైతే గ్యాసూ, విరేచనాలూ. నములుతూ మింగే గాలి దానికి తోడు.

తర్వాత దవడ వంతు. ఆవలిస్తే చెవి ముందు 'టక్'మని చప్పుడు. పొద్దున లేస్తే కణతల దాకా నొప్పి. 'భోజనమయ్యాక కాసేపు నమిలితే లాలాజలం ఊరి పళ్లకు మేలే. మీరు దవడకు సెలవే ఇవ్వట్లేదు. ఆ కీలు అలిసిపోదూ?' అన్నారు పళ్ల డాక్టరమ్మ.

ఒకప్పుడు ఈ గమ్‌ను సపోటా చెట్టు పాలతో చేసేవారు. ఇప్పుడు చాలావాటిలో ఉండేది ప్లాస్టిక్ జాతి సరుకే. అందుకే ఎంత నమిలినా కరగదు, పారేస్తే మట్టిలో కలవదు. ఆఫీసు తుడిచే అవ్వ నా బల్ల కింద నేను అంటించినవాటిని చెంచాతో గీకుతుంటే ఓరోజు కంటపడింది. సిగ్గేసింది. అయినా మానలేదు.

మాన్పించింది మా అమ్మ. అదీ తనకు తెలియకుండానే.

అమ్మ ఊళ్లో ఒక్కతే ఉంటుంది. రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేస్తుంది. గేదె ఈనిందనీ, ఎదురింటివాళ్ల పిల్లకు సంబంధం కుదిరిందనీ అరగంట చెప్పేది. రానురాను అది రెండు నిమిషాలకు వచ్చింది. 'బాగున్నావా? సరే, ఉంటా.' వయసు మీద పడింది, ఓపిక తగ్గిందేమో అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, నాకూ హాయిగానే అనిపించింది.

సంక్రాంతికి వెళ్తే పక్కింటి పిన్ని చెప్పింది, అమ్మ పెరట్లో జారిపడి నెల్లాళ్లు మంచాన ఉందని. 'నాకెందుకు చెప్పలేదు?' అని అమ్మ మీద గట్టిగానే అరిచాను.

'చెబుదామనే చేసేదాన్నిరా. ఎప్పుడు చేసినా ఏదో నములుతూనే ఉండేవాడివి. అన్నం మీదున్నవాడికి నొప్పులూ రోగాలూ చెప్తే ముద్ద దిగుతుందా? తిన్నాక నువ్వే చేస్తావులే అని పెట్టేసేదాన్ని' అంది.

తిన్నాక నేనెప్పుడూ చేయలేదు. ఆ తినడం అయితే కదా!

ఆ మాట వింటున్నప్పుడూ నా నోట్లో గమ్ ఉంది. తీసి కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాను. మళ్లీ కొనలేదు. ఇప్పుడు నోరు ఊరుకోకపోతే గుక్కెడు నీళ్లు తాగుతున్నాను. దవడ చప్పుడు ఇంకా పూర్తిగా పోలేదు. రాత్రి ఎనిమిదింటికి ఫోన్ మోగగానే మాత్రం ముందు నేనే అంటున్నాను:

'నా భోజనం అయిపోయిందమ్మా. చెప్పు.'