నల్లమలకు మూడు దారులు
నల్లమల చూసి రావడానికి నల్లపాడులోని మా ఇంట మూడు ఆలోచనలు సాగాయి. తమ్ముడు కారన్నాడు: దోర్నాల మీదుగా తుమ్మలబైలు చేరి, జీపులో అడవి చూసి, ఒక్కరోజులో తిరిగి రావడం. శ్రీశైలం అడవిదారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను అనుమతించరు; వన్యప్రాణుల రక్షణకే ఆ కట్టడి, న్యాయమైనదే. ఆలస్యమైతే వృద్ధురాలైన అమ్మీజాన్ గతేమిటని నా భయం. దోర్నాలలో ఒక రాత్రి బస చేద్దామన్నాను. మదరసా సెలవులు చాంద్రమానం ప్రకారం ఏటా ముందుకు జరుగుతాయి. అవి వానాకాలంలో పడితే సఫారీయే ఉండదు.

అమ్మీజాన్ మాత్రం నంద్యాల రైలే చాలన్నారు. మీటర్‌గేజ్ రోజుల్లో నవవధువుగా ఆమె ఆ దారినే వచ్చారు. దిగువమెట్ట దాటితే అడవే కిటికీ దగ్గరికి వస్తుందట! నల్లపాడు స్టేషన్‌లో మూడు టికెట్లు తీసుకున్నాము. సొరంగం రాగానే ఆమె తస్బీహ్ ఆపి, నా చెయ్యి పట్టుకున్నారు.